ఎడమకి లాగుతోందట

3, సోమవారం

ఈ ఇంట్లో కారుకి వచ్చినన్ని జబ్బులు మనుషులకి రావు. పోయిన నెల హారన్ గొంతు పోయింది. అంతకుముందు డోరు అద్దం సగంలో ఆగిపోయి వాన మొత్తం సీట్ల మీదే కురిసింది. ఇవాళ కొత్త రోగం. ఎడమకి లాగుతోందట.

పొద్దున బయటికి తీస్తుంటే ఎడమ వైపు అద్దం గేటు స్తంభానికి రాసుకుంది. మా ఆయన దిగి, ఆ గీత మీద వేలు పెట్టి అలాగే నిలబడిపోయారు. నేను వంటింటి కిటికీలోంచి చూస్తున్నాను. ఇప్పుడు పలకరిస్తే నా మీద పడతారని తెలిసి పలకరించలేదు.

ముప్పై ఏళ్ళు కంపెనీ పెద్దాయన కారు నడిపిన మనిషి. ఒక్క గీత పడనివ్వలేదు. రిటైరైన రోజు పెద్దాయన అదే మాట అందరి ముందూ చెప్పి, తను సరదాకి కొని మూలన పడేసిన ఈ రెండు సీట్ల ఎర్ర స్పోర్ట్స్ కారు తాళాలు ఈయన చేతిలో పెట్టాడు. ఆ రోజు నుంచి నాకు సవతి వచ్చింది. నేలకి జానెడు ఎత్తులో ఉంటుంది. దాన్ని ఎక్కడానికి లేదు, అందులోకి దిగాలి. దిగాక లేవడానికి ఎవరో ఒకరు చెయ్యివ్వాలి. నేను అందులోంచి లేచే తీరు చూసి వీధిలో కుర్రాళ్ళు మొహాలు పక్కకి తిప్పుకుంటారు, పాపం మర్యాదస్తులు.

టైర్లు మార్చినప్పటి నుంచే ఇలా ఉందన్నారు భోజనాల దగ్గర. టైర్లు మార్చి ఏడాది దాటింది. గేరు కూడా బిగుసుకుందట. సరేనన్నాను.

ఈ డైరీ ఎప్పుడో మానేసి బీరువాలో పడేశాను. ఇవాళ మళ్ళీ ఎందుకు తీశానో తెలీదు. నా కుట్టు షాపులో పని తక్కువగా ఉంది, అందుకే అయ్యుంటుంది.

4, మంగళవారం

దారం బాబాయి షాపుకి వెళ్ళాం. కోటు బొత్తాలు కొనాలి, దారే కదా అని నేనూ కూర్చున్నాను.

పెద్ద షాపుల్లో కారుని ఎత్తు వేదిక మీదికి ఎక్కించి కంప్యూటరుతో చక్రాలు సరిచేస్తారు. ఈ మహారాణి ఎక్కదు, ముక్కు గీసుకుంటుంది. అందుకని ఇలాంటి పొట్టి బండ్లన్నీ దారం బాబాయి దగ్గరికే వస్తాయి. పెయింట్ల కొట్టు పక్కన సిమెంటు నేల, రేకు కప్పు, ఒక బెంచీ, అంతే షాపు. కారుకి నాలుగు మూలలా ఇనప స్టాండ్లు పెట్టి, రెండు వైపులా ముందు నుంచి వెనక్కి చెరో దారం బిగించి కడతాడు. దారం నుంచి చక్రం అంచుకి ఎంత దూరం ఉందో ఉక్కు స్కేలుతో కొలుస్తాడు. ఇంకో దారానికి బరువు కట్టి చక్రం పక్కన వేలాడదీసి, చక్రం నిలువుగా ఉందా వాలిందా అని చూస్తాడు. నా కళ్ళు దారం మీదికే పోతాయి కదా, ఏం దారమని అడిగాను. చేపలు పట్టే దారమట. "కుట్టు దారం సాగుతుందమ్మా, దాన్ని నమ్మలేం" అన్నాడు. నలభై ఏళ్ళుగా దాన్ని నమ్ముకునే బతుకుతున్నదాన్ని, ఏమనను.

బాబాయివి రెండు పట్టుదలలు. బండి ఎవరు నడుపుతారో వాళ్ళే సీట్లో కూర్చోవాలి, ఆ బరువుకి బండి దిగాకే కొలుస్తాడు. పని అయ్యాక నడిపేవాళ్ళు గోడౌన్ల రోడ్డు చివరిదాకా వెళ్ళొచ్చి, నోటితో బాగుందని చెప్పాలి. అప్పటిదాకా బండి ఇవ్వడు. తొందరలో ఉన్నవాళ్ళు ఎంత అరిచినా చెవిన వేసుకోడు.

మా ఆయన గంభీరంగా సీట్లో కూర్చున్నారు, ఫొటో తీయించుకుంటున్నట్టు. బాబాయి కింద పడుకుని ఏదో కడ్డీని పానాతో అటూ ఇటూ తిప్పాడు. పెద్ద తేడా ఏమీ లేదు, ఉన్న కాస్తా తీసేశానన్నాడు. ఈయన వెళ్ళొచ్చి బాగుందన్నారు గానీ ఆ మాటలో జీవం లేదు.

6, గురువారం

మళ్ళీ ఎడమకేనట.

9, ఆదివారం

పెళ్ళి భోజనానికి వెళ్ళాలి. ఆయన స్నానం చేసి గదిలోకి వెళ్ళి ఎంతకీ రారు. తొంగిచూస్తే మంచం మీద కూర్చుని చొక్కా ఎడమ మణికట్టు బొత్తంతో కుస్తీ పడుతున్నారు. నన్ను చూసి, "ఏం కుట్టావే ఈ కాజా? చీమ కూడా దూరదు ఇందులో" అన్నారు. నేనే పెట్టాను. మిగతా పదకొండు చొక్కాలకీ అదే కొలత కాజాలు పెట్టాను, ఏళ్ళ తరబడి దూరుతూనే ఉన్నాయి. కానీ ఈ మధ్య నేను కాజా కాస్త బిగుతుగానే కుడుతున్నానేమో. కళ్ళు మునుపటిలా లేవు.

వచ్చాక కూర్చుని అన్ని చొక్కాలకీ ఎడమ వైపు కాజా వెడల్పు చేశాను. ఎడమ వైపే ఎందుకంటే ఆయన అడిగింది అదే.

ఆయన ఎడమ కాలి చెప్పు కూడా జారిపోతోంది. రబ్బరు నాసిరకం. వెనక పట్టీ ఉన్నవి కొనాలి.

10, సోమవారం

తల ప్రాణం తోకకొచ్చింది ఇవాళ. అయినా చివరికి మంచే జరిగింది, రాసుకోవాలి.

పొద్దున్నే దారం బాబాయి మీదికి యుద్ధానికి బయల్దేరారు. తగవు ముదిరితే ఆపడానికని షాపు మూసి నేనూ వెళ్ళాను. బాబాయి మళ్ళీ స్టాండ్లు పెట్టాడు, దారాలు కట్టాడు, కొలిచాడు. రెండు వైపులా సమానంగానే ఉందన్నాడు. తనే నడిపి, రోడ్డు మీద చేతులు వదిలేసి చూశాడట, రైలు పట్టాల మీద పోయినట్టు పోతోందట. ఈయన ఒంటికాలి మీద లేచారు.

"దారానికి తెలుసా, నాకు తెలుసా?"

బాబాయి పానా కింద పెట్టాడు. మీరోసారి నడపండి సార్, నేను పక్కన కూర్చుంటానన్నాడు. ఇద్దరూ వెళ్ళొచ్చారు. ఈయన నిప్పులు కక్కుతూ దిగారు. వెళ్ళి టీ తాగి రండి సార్, చూస్తానన్నాడు. ఈయన వీధి మలుపులో టీ తాగినంతసేపూ బాబాయి బండి కిందే ఉన్నాడు. నేను బెంచీ మీద కూర్చుని ఎదురుగా పెయింటు డబ్బాల రంగుల పేర్లన్నీ చదివాను.

తర్వాత ఈయన నడుపుకుంటూ వెళ్ళి, నవ్వుతూ తిరిగొచ్చారు. ఎన్నాళ్ళయిందో ఆ నవ్వు చూసి. "ఇదీ. ఇది కావాలి నాకు. మొదట్లోనే చేసుంటే పోయేది కదయ్యా" అని బాబాయి వీపు తట్టారు. ఎగిరి గంతేయాలనిపించింది నాకు. కారే. నేను అనుకుంటూనే ఉన్నాను, తప్పు కారుదే అని.

బాబాయి నా వైపు చూడకుండా పానాలు తుడుచుకుంటూ ఉండిపోయాడు. మొదటిసారి పట్టుకోలేకపోయానని సిగ్గుపడుతున్నట్టుంది. ఎవరికైనా పొరపాటు జరుగుతుంది, అంతమాత్రానికి మొహం చాటేయాలా.

13, గురువారం

ఇల్లు ఇల్లులా ఉంది. ఈల వేస్తూ కారు తుడుస్తున్నారు. శనివారం వదిన వస్తోంది. ఆయనకి ఒక్కగానొక్క అక్క. కారు వచ్చినప్పటి నుంచీ, "నన్నెప్పుడెక్కిస్తావురా అందులో, పోయాకా?" అని సతాయిస్తోంది. పై వారం ఆదివారం, ఇరవై మూడున, కొండ మీది రోడ్డుకి తీసుకెళ్తానని ఫోన్లో మాటిచ్చారు. ఆ రోడ్డులో పదడుగులకో మలుపు. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ. మా పెళ్ళైన కొత్తలో నాకు డ్రైవింగు నేర్పింది ఆ రోడ్డు మీదే, భయం పోతుందని. నా భయం పోలేదు గానీ డ్రైవింగు వచ్చింది.

ఆయనకో కోటు కుడుతున్నాను, ఎప్పటిదో బూడిదరంగు బట్ట. ఇవాళ కొలతలు తీశాను. ఎడమ భుజం కుడి భుజం కన్నా కిందికి ఉంది. మనుషులెవరికీ రెండు భుజాలూ సమానంగా ఉండవు, ఇది మా పనిలో మొదట తెలుసుకునే సంగతి. ఒక భుజం వాలిన వాళ్ళకి ఆ వైపు లోపల ఒక పొర మెత్త ఎక్కువ పెడతాం. ఆ సంగతి వాళ్ళకి చెప్పం. అద్దంలో చూసుకుని, తిన్నగా ఉన్నాననుకుని, సంతోషంగా వెళ్ళిపోతారు. చెప్పకపోవడమే మర్యాద అని మా గురువు నేర్పింది.

ఆయనకి ఒక పొర సరిపోలేదు. రెండు పెట్టాను.

15, శనివారం

వదిన దిగింది. పెట్టె ఒకటి, మాటలు బోలెడు. కొండ మీదికి వెళ్ళడానికని నల్ల కళ్ళద్దాలు కొనుక్కుని మరీ వచ్చింది. అవి పెట్టుకుని కారు పక్కన నిలబడి, "ఎలా ఉన్నానే? ఎవరినో దోచుకుని పారిపోయే దానిలా లేనూ?" అంది. ముగ్గురం పడీపడీ నవ్వాం.

సాయంత్రం ఆయన కొట్టుకి వెళ్తుంటే వదిన వరండాలోంచి చూస్తూ, "వీడేంటే, ఎడం చెయ్యి ఊపకుండా నడుస్తున్నాడు? కనపడని సంచీ మోస్తున్నట్టు" అంది.

ఎప్పుడూ అలాగే నడుస్తారు వదినా అన్నాను. వదిన ఇంకేమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడం నాకు నచ్చలేదు.

17, సోమవారం

నిదానంగా రాస్తాను.

మధ్యాహ్నం ఆయన పడుకున్నారు. వదినకి పన్ను సలుపు. ఆయన్ని లేపొద్దు, నువ్వే తీసుకెళ్ళవే, నీకూ వచ్చుగా అంది. ఆ కారు నేను ముట్టుకుని చాలా కాలమైంది. సరే, దగ్గరే కదా అని తీశాను.

వీధి దాటేసరికే తెలిసింది. కారు కుడికి పోతోంది. మొదట డ్రైవింగు మర్చిపోయాననుకున్నాను. చేతులు బిగించి పట్టుకున్నాను. పెద్ద రోడ్డెక్కాక, తిన్నటి దారి చూసి, దారం బాబాయి చేసినట్టే రెండు చేతులూ కొద్దిగా వదిలాను. కారు మెల్లగా కుడికి తిరిగి నడిమి గీత దాటింది. ఎదురుగా పాల వ్యాను. వదిన, "ఎటు పోతున్నావే, అటు వాడు వస్తున్నాడు" అంది, ఏదో దారి తప్పినదానికి చెప్పినట్టు. తిప్పేశాను. పళ్ళ డాక్టరు సంగతే మర్చిపోయి నేరుగా దారం బాబాయి షాపుకి పోనిచ్చాను.

వదిన కారులోంచి లేవలేదు, లేవడం ఆవిడ వల్ల కాదు. నేను మాత్రం ఎలాగో బయటపడి లోపలికి వెళ్ళాను. బాబాయి టిఫిన్ డబ్బా ముందు కూర్చునున్నాడు. నన్ను చూసి మూత పెట్టేశాడు.

"బండి కుడికి పోతోంది బాబాయ్."

"మీకు పోతుందమ్మా. సార్‌కి పోదు."

అర్థం కాలేదన్నాను. అర్థం కాలేదా, అర్థం చేసుకోవడం ఇష్టం లేదా, ఇప్పుడు రాస్తుంటే తెలీడం లేదు. బాబాయి చేతులు కడుక్కుని వచ్చి, కారులో వదినకి వినపడకుండా గొంతు తగ్గించి చెప్పాడు.

"నేను పట్టుకుంటే తిన్నగా పోతోంది. సార్ పట్టుకుంటే ఎడమకి పోతోంది. ఆవేళ పక్కన కూర్చుని ఆయన చేతులే చూశానమ్మా. ఎడం చెయ్యి స్టీరింగు మీద బరువుగా వేలాడుతోంది. ఆయనకి తెలీడం లేదు. అంత కాలం బండి నడిపిన మనిషితో, తప్పు బండిది కాదు సార్, మీ చేతిది అని ఏ నోటితో చెప్పను? కుడి ముందు చక్రాన్ని కాస్త బయటికి వాల్చాను. ఆయన చేతికి సరిపెట్టాను."

తిట్టాలి కదా. ఎవరైనా తిడతారు. నోరు తెరిచాను. రెండు పొరల మెత్త గుర్తొచ్చింది. బాబాయి చేసిందే నేనూ చేశాను, ఇంకా నీటుగా కుట్టి మరీ చేశాను.

బయట వదిన హారన్ కొట్టింది. గొంతు పోయిన హారన్, కీచుమంది. వెళ్ళి కూర్చున్నాను. ఏమన్నాడే అని అడిగింది. టైర్లో గాలి తక్కువట అని చెప్పాను.

18, మంగళవారం

కారు గురించి రాయడానికి ఏమీ లేదు.

19, బుధవారం

నడుము నొప్పిగా ఉంది, ఆదివారం కొండ ప్రయాణం ఇంకో వారానికి జరపండి అన్నాను. "నీకెందుకు నొప్పి? అది రెండు సీట్ల బండి, నువ్వు రావడం లేదుగా" అన్నారు. వాన పడుతుందట, టీవీలో చెప్పారన్నాను. మబ్బు తునక లేదు ఆకాశంలో. వదిన నన్నే చూస్తోంది.

20, గురువారం

భయంగా ఉంది. ఎవరితోనూ అనలేను గనక ఇక్కడ అంటున్నాను. చాలా భయంగా ఉంది.

బాబాయి ఒక్క చక్రమే వాల్చాడు. నేను ఇల్లంతా వాల్చాను. టీ కప్పు ఎప్పుడూ కుడి పక్కన పెడుతున్నాను, ఎప్పటి నుంచి పెడుతున్నానో గుర్తు లేదు. పేపరు మడిచి ఒక చేత్తో పట్టుకునేలా ఇస్తున్నాను. కూర్చున్నప్పుడు ఎడం చెయ్యి ఒళ్ళో వణుకుతుంటే ఆ చేతికి టీవీ రిమోటు ఇస్తాను, ఏదైనా పట్టుకుంటే వణుకు ఆగుతుందని. అంటే నాకు తెలుసన్న మాట. తెలిసి, కాజాలు వెడల్పు చేస్తూ కూర్చున్నాను. డాక్టరుకి చూపిద్దామని ఒక్కసారి కూడా అనలేదు. అంటే నిజమైపోతుంది.

ఇవాళ సంతలో ఎవరో ఆయన్ని ఎడం పక్క నుంచి తోసుకుంటూ పోతే తూలి నా మీద పడ్డారు. "నేల ఎత్తుపల్లాలుగా ఉంది" అన్నారు. అవునన్నాను. అవుననడం నాకు నోటికి అలవాటైపోయింది.

ఆదివారం ఆ కొండ మలుపుల్లో బండి కుడికి లాగుతుంది, చెయ్యి ఎడమకి లాగుతుంది. అవి రెండూ ఎప్పుడూ ఒకే బలంతో ఉంటాయా? ఒక్క క్షణం చెయ్యి మొద్దుబారినా, ఒక్క క్షణం ఈయన బిగించినా? పక్కన వదిన, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని.

21, శుక్రవారం

రిమోటు దాచేశాను. ఆయన చెయ్యి ఆయనే చూసుకుంటారని. చేతిని తొడ కింద పెట్టుకుని కూర్చున్నారు.

చెబుదామని మూడుసార్లు గదిలోకి వెళ్ళాను. ఒకసారి కారు తాళాలు తుడుస్తున్నారు. ఒకసారి నిద్ర. ఒకసారి, "ఏమోయ్, ఆ మలుపులో నువ్వు బ్రేకు బదులు వైపరు నొక్కావు, గుర్తుందా?" అని నవ్వారు. నేనూ నవ్వి వచ్చేశాను.

సాయంత్రం నడుచుకుంటూ దారం బాబాయి దగ్గరికి వెళ్ళాను. చక్రం మామూలుగా పెట్టేయమన్నాను. సార్ కనిపెట్టేస్తారమ్మా అన్నాడు. కనిపెట్టాలనే అన్నాను. బాబాయి చాలాసేపు దారం ఉండ చుట్టుకుంటూ కూర్చున్నాడు. తర్వాత, సార్ వచ్చి సీట్లో కూర్చోకుండా నేను కొలవను కదమ్మా అన్నాడు. అవును, ఆయన్ని నేనే తీసుకురావాలి. ఆ పని కూడా నా నెత్తినే ఉంది.

22, శనివారం

కొండెక్కే ముందు బాబాయి బండి ఒకసారి చూస్తానన్నాడని చెప్పాను. దూరం బయల్దేరే ముందు బండి చూపించడం ఆయనకి ముప్పై ఏళ్ళ అలవాటు, వెంటనే ఒప్పుకున్నారు. నేనూ వస్తానన్నాను. ఎందుకని అడగలేదు.

స్టాండ్లు, దారాలు, స్కేలు. బాబాయి కిందికి వెళ్ళాడు, చాలాసేపటికి పైకి వచ్చాడు. ఈసారి ఈయన్ని దిగమని, స్కేలు ఈయన చేతికే ఇచ్చి, మీరే చూడండి సార్ అన్నాడు. ఈయన ఒంగి, కళ్ళు చికిలించి, రెండు వైపులా కొలిచారు. "సమానంగానే ఉంది" అన్నారు. వేలాడే బరువు కూడా చూశారు. చక్రం నిలువుగానే ఉంది. బాబాయి వెళ్ళిరండి సార్ అని పక్కకి జరిగాడు. నేను ఎడమ సీట్లోకి దిగాను.

గోడౌన్ల రోడ్డు. ఒక వైపు పొడుగాటి గోడ, శనివారం సగం పూట కదా, లారీలు లేవు. కొంతదూరం పోయేసరికి కారు గోడ వైపు జరగడం మొదలుపెట్టింది. ఆయన కుడికి లాగారు. మళ్ళీ జరిగింది. దవడ బిగుసుకుంది.

"మళ్ళీ లాగుతోంది. బంగారంలాంటి బండిని పాడుచేశాడు వీడు."

"ఒకసారి చేతులు వదలండి."

"ఏంటీ?"

"రోడ్డు ఖాళీగా ఉంది. వదలండి ఒకసారి."

నా గొంతులో ఏం విన్నారో, వదిలారు. కుడి చెయ్యి వెంటనే లేచింది. ఎడమది కాస్త ఆగి లేచింది. కారు గోడ పక్కనే, గోడకి అంతే దూరంలో, తిన్నగా పోయింది. ఆయన చేతులు గాల్లోనే ఉన్నాయి. మళ్ళీ పట్టుకున్నారు, ఎడమకి జరిగింది. మళ్ళీ వదిలారు, తిన్నగా పోయింది. తర్వాత నేను చెప్పకుండానే కుడి చెయ్యి ఒక్కటే పెట్టారు. తిన్నగా పోయింది. అప్పుడు ఎడమ చెయ్యి కూడా స్టీరింగు మీద పెట్టి, రోడ్డు మానేసి ఆ చేతినే చూశారు. నేను బ్రేకు వెయ్యండి అన్నాను. వేశారు.

ఇంజిను ఆపలేదు. ముందుకి చూస్తూ కూర్చున్నారు. ఏడుస్తారేమో అనుకున్నాను, తిడతారేమో అనుకున్నాను.

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"సోమవారం నుంచి" అన్నాను. అని, ఇంక అబద్ధం ఆడలేక, "కాదు. బొత్తాల నుంచి" అన్నాను.

"నాకు గేటు స్తంభం నుంచి" అన్నారు.

అంటే ఇన్నాళ్ళూ ఒకే ఇంట్లో, ఒకే మంచం మీద, ఒకరికి తెలిసింది ఇంకొకరికి తెలియకూడదని ఇద్దరం కారు మీద పడ్డాం. నోరులేని బండి గనక సరిపోయింది.

ఆయన దిగారు. చుట్టూ తిరిగి నా వైపు వచ్చి తలుపు తీశారు. పెద్దాయనకి ముప్పై ఏళ్ళు తీసినట్టే, వెన్ను నిటారుగా, ఒక చెయ్యి తలుపు మీద. నాకెప్పుడూ అలా తీయలేదు. లేవడానికి చెయ్యివ్వాలి కదా, ఎడమ చెయ్యిచ్చారు. కావాలనే ఆ చెయ్యిచ్చారు. అది నా చేతిలో వణుకుతూనే ఉంది. దాన్ని పట్టుకునే లేచాను.

తిరుగుదారిలో నేను నడిపాను. షాపు దగ్గర ఆగగానే బాబాయి అలవాటుగా ఆయన వైపు చూసి, ఎలా ఉంది సార్ అని అడిగాడు.

"నన్నడుగుతావేంటి బాబాయ్? నడిపేది ఆవిడ. మళ్ళీ కట్టు దారాలు. బండి ఇంకాస్త దిగుతుంది, చూసుకో" అన్నారు.

నా బరువు మీద పరాచికం. బాబాయి నవ్వలేక నవ్వి, మళ్ళీ స్టాండ్లు జరిపాడు. నేను డ్రైవరు సీట్లో కూర్చున్నాను, రెండు వైపులా దారాలు, కదలకూడదు. అద్దంలో బెంచీ మీద ఆయన కనిపిస్తున్నారు. చేతిని తొడ కింద పెట్టుకోలేదు. ఒళ్ళో పెట్టుకుని, దాని పాటికి దాన్ని వణకనిచ్చి కూర్చున్నారు. నాకు ఏడుపు ఆగలేదు. కదలకండమ్మా, కొలత మారుతుంది అన్నాడు బాబాయి, కిందనుంచి.

23, ఆదివారం

వదినని కొండ మీదికి నేనే తీసుకెళ్ళాను. గేటు దగ్గర నిలబడి ఆయన నాకు చెప్పని జాగ్రత్త లేదు. మూడో మలుపులో గేరు దించు. హారన్ కొట్టు, అది పలకకపోయినా కొట్టు. పక్కకి చూడకు. మేం కనిపించినంతసేపూ నిలబడే ఉన్నారు.

పైన కారు ఆపాక వదినకి అంతా చెప్పేశాను. వదిన లోయ వైపు చూస్తూ విన్నది.

"చిన్నప్పుడు పరిగెత్తి పడితే నేల వంకరగా ఉందనేవాడు. మా అమ్మ నేలని కొట్టేది. నేనూ కొట్టేదాన్ని" అంది.

నల్ల కళ్ళద్దాలు తీయలేదు. దిగేదాకా తీయలేదు. ఇంటికొచ్చాక, నీ పెళ్ళాం నీకన్నా బాగా నడుపుతోందిరా, నీలా ఊరికే వేగం చూపించదు అని ఆయన్ని ఏడిపించింది. ఆయన మొహం చిన్నబోయింది, అయినా నవ్వారు.

24, సోమవారం

రేపు నరాల డాక్టరు దగ్గరికి. వదినే ఫోను చేసి టైము తీసుకుంది. కారు నేను నడపాలి. వదిన ఇంటి దగ్గర ఉంటుంది, మూడో సీటు లేదు గనక. అందుకు డాక్టరు మీద కూడా కోపంగా ఉంది ఆవిడకి.

కోటు పూర్తయింది, రేపు వేసుకుంటానన్నారు. ఇస్త్రీ చేద్దామని బల్ల మీద పరిచి, చాలాసేపు చూశాను. తర్వాత కత్తెర తీసుకుని ఎడమ భుజం లోపలి కుట్టు విప్పాను. రెండు పొరల మెత్తా బయటికి లాగేసి, మళ్ళీ కుట్టేశాను. డాక్టరు ఆయన్ని ఉన్నట్టుగా చూడాలి. నేను చక్కగా కుట్టిన మనిషిని చూసి, ఏమీ లేదు వెళ్ళిరండి అంటేనో?

సాయంత్రం తొడిగి చూపించాను. బొత్తాలు ఆయన్నే పెట్టుకోనిచ్చాను. చాలాసేపు పట్టింది. వదిన వంటింట్లో గిన్నెలు అనవసరంగా చప్పుడు చేసింది. నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను, లేకపోతే అవి వెళ్ళి పెట్టేస్తాయి.

ఆయన అద్దం ముందు నిలబడ్డారు. కుడి భుజం చూసుకున్నారు, ఎడమ భుజం చూసుకున్నారు. కోటు ఒక పక్కకి దిగింది. నలభై ఏళ్ళలో నా చేతి కింద నుంచి అంత వంకర కోటు బయటికి వెళ్ళలేదు.

"ఎడమకి లాగుతోంది కదూ" అన్నారు.

కాలరు సరిచేయబోయి ఆగాను.

"అవునండీ, లాగుతోంది" అన్నాను.